మహాతల్లులు, ఇల్లేరమ్మలు

సూర్యకాంతం. చెవికి ఇంపైన పేరు, వెలుగున్న పేరు. ఆ పేరుగల నటి తెరమీద గయ్యాళి అత్తగా స్థిరపడిపోయాక, కన్న కూతురికి ఆ పేరు పెట్టుకోవడానికి తల్లిదండ్రులు జంకారని తెలుగువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ ఇంట్లోనైనా కోడల్ని రాచిరంపాన పెట్టే అత్త ఉంటే "ఆవిడో సూర్యకాంతం" అంటే చాలు, ఇంకో మాట అక్కర్లేదు. నటించిన మనిషి పేరు భాషలో మామూలు మాటగా కలిసిపోవడం ఎంతో అరుదైన సంగతి. అంత గొప్పగా నవ్వించిన మనిషి పేరు చివరికి తిట్టుగా మిగలడం మాత్రం ఆలోచించాల్సిన విషయం.

1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో పుట్టిన ఆమె, 1950లో వచ్చిన 'సంసారం'తో గయ్యాళి పాత్రల బాట పట్టారు. పన్నెండేళ్ళ తర్వాత 'గుండమ్మ కథ' వచ్చింది. విజయా వారి సినిమా. ఎన్టీఆర్‌కు అది 100వ సినిమా, ఏఎన్నార్‌కు 99వది. సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు, రమణారెడ్డి అందరూ ఉన్నారు. ఇంతమంది హేమాహేమీలు ఉండగా సినిమాకు పేరు మాత్రం గుండమ్మ పేరే పెట్టారు. ఇద్దరు అగ్రహీరోల సినిమాకు ఒక హాస్యపాత్ర పేరు, అందులోనూ ఒక నడివయసు విధవరాలి పేరు పెట్టగలిగిన ధైర్యం ఆ తర్వాత తెలుగు సినిమాలో మళ్ళీ అంత తేలిగ్గా కనిపించదు.

ఆ సినిమాలో సూర్యకాంతాన్ని దగ్గరగా గమనించండి. మాట కంటే ముందు ఎడమచెయ్యి లేస్తుంది. ఆ చెయ్యి గాల్లో ఒక చుట్టు తిరిగేలోపు ఎదుటివాడి పని సగం అయిపోతుంది. తర్వాత వచ్చే మాట మొదట్లో నిష్ఠూరంగా సాగి, మధ్యలో కస్సుమని, చివరికి తన మీద తనే జాలిపడే ఏడుపు జీరతో ఆగుతుంది. సవతి కూతురితో చాకిరీ చేయించుకునే గుండమ్మ నిజానికి ఎవరేం చెప్పినా నమ్మేసే అమాయకురాలు. అందుకే ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఆ ఇంట్లో తిష్ఠవేసి గుండమ్మనే గదిలో పెట్టి తాళం వేసినప్పుడు, అప్పటిదాకా 'దీనికి బాగా కావాలి' అనుకున్న ప్రేక్షకుడికే మనసు చివుక్కుమంటుంది. మాటలు రాసింది డి.వి. నరసరాజు. ఆ మాటలకు చేతినీ, గొంతునీ, జాలినీ తోడిచ్చింది సూర్యకాంతం. ఈ సినిమాను మళ్ళీ తీయాలన్న మాట వచ్చినప్పుడల్లా హీరోలు దొరుకుతారు గానీ గుండమ్మ ఎక్కడ దొరుకుతుందని జనం అడుగుతూనే ఉన్నారు.

బయట ఆమె సెట్‌కు రకరకాల తినుబండారాలు తెచ్చి యూనిట్ అంతటికీ పంచిపెట్టే మనిషి. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు కూడా "పాపం, మంచిదే" అన్న సమర్థింపు ధోరణే వినిపిస్తుంది. విలన్‌గా వేసిన మగనటుడు మంచివాడని చెప్పడానికి అంత తాపత్రయపడరు. నవ్వించిన ఆడమనిషికి మాత్రం నడవడిక సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది.

తెలుగులో నవ్వుకు ఉన్నన్ని పేర్లు చాలా తక్కువ పనులకు ఉంటాయి. ముసిముసి, కిలకిల, గలగల, పకపక, ఇకఇక. విరగబడి నవ్వడం, పగలబడి నవ్వడం, పొట్టచెక్కలయ్యేలా నవ్వడం. వీటిలో ఆడపిల్లకు తగినవి ఏవో ఇంట్లో ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, కానీ పదేళ్ళు వచ్చేసరికి ఆ పిల్లకు తెలిసిపోతుంది. ముసిముసి నవ్వు ముద్దొస్తుంది. కిలకిల దాకా ఫరవాలేదు. పకపక అంటే వంటింట్లోంచి "ఏమిటా ఇకిలింపులు, ఎవరైనా వింటే ఏమనుకుంటారు" అని కేక వస్తుంది. అన్నయ్య పగలబడి నవ్వితే "వీడికి నవ్వొస్తే ఆగదు" అని మురిపెంగా చెప్పుకునే అమ్మే, చెల్లెలు అలా నవ్వితే వీధి తలుపు వైపు చూస్తుంది. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదన్న సామెత ఒకటి మనకుంది. నవ్వు నాలుగు విధాల చేటన్నది ఇంకోటి. రెండో సామెత పైకి అందరికీ వర్తించేదే గానీ ఇళ్ళలో ఎక్కువగా విన్నది ఆడపిల్లలే.

2018 ఫిబ్రవరి 7న రాజ్యసభలో ప్రధానమంత్రి మాట్లాడుతుండగా ఖమ్మం నుంచి ఎదిగిన నాయకురాలు రేణుకా చౌదరి పెద్దగా నవ్వారు. సభాధ్యక్ష స్థానంలో ఉన్న వెంకయ్యనాయుడు మందలించారు. ప్రధాని కల్పించుకుని, ఆమెను ఏమీ అనవద్దనీ, రామాయణం సీరియల్ తర్వాత ఇలాంటి నవ్వు వినే భాగ్యం ఇవాళే కలిగిందనీ అన్నారు. ఆ మాటకు సభ నవ్వింది. అది తనను అవమానించడమేనని ఆమె అభ్యంతరం చెప్పారు. పార్టీల గొడవ పక్కన పెట్టి చూసినా ఒకటి తెలుస్తుంది. చట్టసభల్లో కేకలు, బల్లలు చరచడం, వెటకారపు నవ్వులు కొత్త కాదు. వాటిలో ఎన్ని మర్నాటికి ఎవరికైనా గుర్తుంటాయి? ఒక ఆడమనిషి నవ్వు మాత్రం కొన్నాళ్ళపాటు దేశమంతా చర్చించుకునే వార్త అయింది.

నిండుసభలో నవ్వు గురించి తెలుగు ఆడవాళ్ళ దగ్గర అంతకంటే ఎంతో పాత కథ ఒకటుంది. 'లక్ష్మణదేవర నవ్వు' అని పాట. వాల్మీకిలో లేదు. ఇళ్ళలో ఆడవాళ్ళు పాడుకుంటూ కాపాడుకున్నది. వనవాసం చేసిన పద్నాలుగేళ్ళూ తన దగ్గరికి రావద్దని లక్ష్మణుడు నిద్రాదేవిని కోరుకున్నాడు. అయోధ్యకు తిరిగొచ్చి పట్టాభిషేకం జరుగుతుండగా, గడువు తీరింది గనక ఆమె వచ్చేసింది. సమయం చూసుకుని మరీ వచ్చిందే అని లక్ష్మణుడికి నవ్వాగలేదు. పక్కున నవ్వాడు. అంతే, సభలో ఉన్న ప్రతివాడూ ఆ నవ్వు తన మీదేనని ఉలిక్కిపడ్డాడు. నెత్తిన గంగను పెట్టుకున్నందుకని శివుడు అనుకున్నాడు. అన్నను చంపించి రాజ్యం తీసుకున్నందుకని సుగ్రీవుడు, అన్నను విడిచి శత్రువు పంచన చేరినందుకని విభీషణుడు తలలు దించుకున్నారు. లంకలో ఉన్నందుకు తనను చూసే నవ్వాడని సీత కుమిలిపోయింది. రాముడు కోపం పట్టలేక కత్తి దూశాడు. తర్వాత లక్ష్మణుడు అసలు సంగతి చెప్పాడు, కథ సుఖాంతమైంది.

పాటలో నవ్వినవాడు మగవాడే. నవ్విస్తున్నది మాత్రం పాడే ఆడవాళ్ళు. దేవతలనూ రాజులనూ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి మనసులో ఏ ముల్లు ఉందో పేరుపేరునా బయటపెట్టే పాట ఇది. సభలోకి రానివ్వని మనుషులు నడింట కూర్చుని, ఒడిలో పిల్లవాణ్ణి జోకొడుతూ, సభ మొత్తాన్నీ పరీక్షకు పెట్టారు. వెల్చేరు నారాయణరావు ఆడవాళ్ళ రామాయణ పాటలపై రాసిన వ్యాసం 1991లో వచ్చాక ఈ పాటలు ప్రపంచంలోని విశ్వవిద్యాలయాల్లో పాఠాలయ్యాయి. అప్పటిదాకా వాటిని 'ముసలమ్మల పాటలు' అని తీసిపారేసినవాళ్ళే ఎక్కువ.

పెళ్ళిళ్ళలో ఈ హాస్యం ఇంకా ఘాటుగా ఉండేది. బువ్వపు బంతి వేస్తారు. మగపెళ్ళివారు వరసగా విస్తళ్ళ ముందు కూర్చుంటారు. వియ్యపురాలు పట్టుచీర కొంగు సర్దుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే, వెనక స్తంభం దగ్గర నుంచి ఆడపెళ్ళివారి ముత్తైదువ ఒకావిడ గొంతెత్తుతుంది. వియ్యపురాలి ఆకలి మీద ఒక చరణం, ముక్కు మీద ఒక చరణం, వియ్యంకుడి పిసినారితనం మీద, ఆడబిడ్డ వయ్యారం మీద ఇంకొన్ని. చుట్టూ ఉన్నవాళ్ళు పొలమారేలా నవ్వుతారు. ఇందులో ఒక కట్టుబాటు ఉంది. కోపం రాకూడదు. వస్తే ఓడినట్టే. అటువైపు నుంచి ఇంకో ఆవిడ అదే వరసలో, అంతకు రెండింతల కారంతో పాట అందుకోవాలి. కట్నం ఇచ్చి, కాళ్ళు కడిగి, తలొంచుకుని నిలబడాల్సిన ఆడపెళ్ళివారికి ఆ పూట ఒక్క చోట నిటారుగా నిలబడే హక్కు దొరికేది. అది దొరికింది పాట పాడే ఆడవాళ్ళ వల్ల. ఇప్పుడా చోటులోకి బాజాభజంత్రీల మైకూ, డీజే వచ్చాయి. పాడేవాళ్ళ కాలం కూడా దాటిపోయింది. పెద్దావిడ ఎవరైనా ఇప్పటికీ రెండు చరణాలు గుర్తు చేసుకుని పాడితే మనవరాళ్ళు ఫోన్లలో రికార్డు చేసుకుంటున్నారు.

తోలుబొమ్మలాటలో అయితే నవ్వించే ఆడమనిషి నేరుగా తెరమీదికే వచ్చేసింది. బంగారక్క. రామరావణ యుద్ధం మధ్యలో, ద్రౌపది శోకం మధ్యలో దీపం వెలుగులో చటుక్కున ఊడిపడి, మొగుడు జుట్టుపోలిగాణ్ణి నానా మాటలూ అని, మరో హాస్యపు బొమ్మ కేతిగాణ్ణి ఆటపట్టించి, జనాన్ని నిద్రలోంచి లేపి వెళ్ళిపోతుంది. ఆవిడ మాటల్లో పచ్చితనం ఉంటుంది, ఊళ్ళో ఆ వారం జరిగిన సంగతులుంటాయి. ఆట కట్టేది కుటుంబాలు. ఆడబొమ్మలకు ఆ ఇంటి ఆడవాళ్ళే గొంతిస్తారు. ఊరంతా చూస్తుండగా ఒక స్త్రీ నోరారా వెక్కిరించడం, మగవాళ్ళు కూడా దానికి కడుపారా నవ్వడం మన పల్లెలకు కొత్త కాదన్నమాట. తెల్లగుడ్డ తెర అడ్డుగా ఉన్నంతవరకు అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు.

మనిషే స్వయంగా తెరమీదికి వచ్చేసరికి లెక్క మారింది.

తెలుగు సినిమా హాస్య జంటల్ని ఒక్కసారి తలుచుకుంటే చాలు. రేలంగి–గిరిజ. పద్మనాభం–గీతాంజలి. రాజబాబు–రమాప్రభ. బ్రహ్మానందం–కోవై సరళ. ఎవరు చెప్పినా వరస ఇదే. గిరిజ–రేలంగి అన్నవాళ్ళు ఉండరు. అయినా ఆ పాటలూ సన్నివేశాలూ ఇప్పుడు వేసుకుని చూస్తే గిరిజ చలాకీతనం లేకుండా రేలంగి బెంబేలు పండదు. రాజబాబు ఎగిరి గంతేస్తే దాన్ని ఒక్క చూపుతో నేలమీదికి దించేది రమాప్రభ. అనంతపురం ప్రాంతపు కదిరి నుంచి వచ్చి, వందల సినిమాల్లో నవ్వించిన ఆమె టైమింగ్ గురించి మన విమర్శకులు రాసింది చాలా తక్కువ. హాస్యనటుడికి శైలి ఉంటుందనీ, హాస్యనటికి జోడీ ఉంటే చాలనీ అనుకున్నారు.

1980లలో జంధ్యాల సినిమాలతో శ్రీలక్ష్మి వచ్చారు. తెలుగు హాస్యంలో మాటను అంత వేగంగా, అంత స్పష్టంగా, ముఖం మీద ఒక్క గీత కదలకుండా అనగలిగిన నటి మరొకరు లేరంటే అతిశయోక్తి కాదు. 'శ్రీవారికి ప్రేమలేఖ'లో ఆమెకు సినిమాల పిచ్చి. చూసొచ్చిన సినిమా కథ చెప్పమంటే టైటిల్ కార్డుల దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. వినేవాడు తల బాదుకుంటుంటే ఆమె మాత్రం కళ్ళ ముందు తెర కదులుతున్నట్టు, అదే గంభీరతతో సాగిపోతుంది. 'చంటబ్బాయ్'లో కవయిత్రి కావాలన్న పిచ్చి. తను రాసినవి అచ్చు వేయమని పత్రికా సంపాదకుడి ప్రాణం తోడేస్తుంది. ఆ సన్నివేశాలు చూసి నవ్వని తెలుగువాళ్ళు లేరు, ఇప్పుడు చూసినా నవ్వొస్తుంది. కానీ ఆ రోజుల్ని గుర్తు చేసుకుంటే ఒక విషయం పట్టించుకోక తప్పదు. అంతకు ముందు ఏళ్ళ తరబడి తెలుగు వారపత్రికల సర్క్యులేషన్‌ను భుజాన మోసింది రచయిత్రులు. యద్దనపూడి సులోచనారాణి, రంగనాయకమ్మ, మాలతీ చందూర్ లాంటి వాళ్ళ సీరియళ్ళ కోసం జనం కొట్ల దగ్గర కాచుకు కూర్చున్నారు. ఆ వెంటనే తెరమీద నవ్వు పుట్టించడానికి ఎన్నుకున్న బొమ్మ, రాతపిచ్చి పట్టిన ఆడది. శ్రీలక్ష్మి ప్రతిభ ఎంత గొప్పదంటే ఆ పిచ్చిదానికి కూడా ఒక ఆత్మగౌరవం ఇచ్చారు. తన కవిత్వం గొప్పదేనని ఆ పాత్ర చివరిదాకా నమ్ముతుంది.

'శ్రీవారికి ప్రేమలేఖ' 1984 నాటి సినిమా. పేరు చెప్పగానే జంధ్యాల గుర్తొస్తారు, న్యాయమే. ఆ కథ పొత్తూరి విజయలక్ష్మి రాసిన 'ప్రేమలేఖ' అనే నవలది. 'చతుర'లో వచ్చిన నవల. ఒక అమ్మాయి సరదాకు, ముక్కూమొహం తెలియని మగవాడికి ఉత్తరం రాస్తుంది. అది నిజంగా ఒక అబ్బాయి చేతిలో పడుతుంది. అతను ఆ చేతిరాతను ప్రేమించి, రాసినదాన్ని వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతాడు. అంటే తెలుగువాళ్ళు తరం తర్వాత తరం చూసి నవ్విన హాస్యచిత్రం మొత్తం ఒక ఆడపిల్ల చేసిన అల్లరి మీద నిలబడి ఉంది. ఆ అల్లరిని ఊహించింది మరో ఆడమనిషి. సినిమాలోని డైలాగులు అప్పజెప్పగలిగిన అభిమానుల్లో ఆమె పేరు ఎందరికి గుర్తొస్తుంది?

ఇలా మరచిపోవడానికి తెలుగువాళ్ళ మతిమరుపే కారణం కాదు. 2011లో అమెరికాలో, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లారా మిక్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఒక ప్రయోగం చేశారు. 'న్యూయార్కర్' పత్రిక కార్టూన్లు 20 తీసుకుని, 16 మంది అబ్బాయిల చేతా 16 మంది అమ్మాయిల చేతా వాటికి వ్యాఖ్యలు రాయించారు. ఎవరు రాశారో చెప్పకుండా వేరేవాళ్ళతో మార్కులు వేయించారు. అబ్బాయిలకు కాస్త ఎక్కువ వచ్చింది. ఎంత ఎక్కువంటే 5 మార్కులకు 0.11. ఆ పిసరంత తేడా కూడా ఎక్కువగా మగవాళ్ళు వేసిన మార్కుల వల్ల వచ్చిందే. అంతకంటే ఆసక్తికరమైనది తర్వాతి భాగం. ఈసారి రాసింది ఆడో మగో చెప్పి వ్యాఖ్యలు చూపించి, తర్వాత ఏ వ్యాఖ్య ఎవరు రాశారో గుర్తు చేసుకోమంటే, బాగా నవ్వించినవి మగవాళ్ళ ఖాతాలో, పేలనివి ఆడవాళ్ళ ఖాతాలో వేశారు. ఈ పొరపాటు మగవాళ్ళూ చేశారు, ఆడవాళ్ళూ చేశారు. ఆడవాళ్ళకు హాస్యం చేతకాదన్న నమ్మకం ముందే మనసులో ఉంటే జ్ఞాపకం కూడా దానికి తగ్గట్టు తనను తాను దిద్దుకుంటుందన్నమాట.

సూర్యకాంతం కంటే ఒక్క ఏడాది చిన్నది భానుమతి. 1925లో ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టారు. గాయని, నటి, 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ మూడు భాషల్లో తీసిన దర్శకురాలు. తెలుగు తెర మీద సూర్యకాంతం అత్తగా కోడళ్ళను హడలగొడుతున్న కాలంలోనే, భానుమతి కాగితం మీద ఇంకో అత్తగారిని సృష్టించారు. 'అత్తగారి కథలు'. మడి కట్టుకుని, ఆవకాయ పెట్టే హడావుడిలో ఇల్లంతా తలకిందులు చేసే ఆ అత్తగారిని కథ చెప్పే కోడలు ఓరకంట గమనిస్తూ ఉంటుంది. పెద్దావిడ మొండితనానికి విసుక్కుంటుంది, అమాయకత్వానికి ముచ్చటపడుతుంది, ఎక్కడా ఆవిణ్ణి చులకన చేయదు. రాక్షసిగా తప్ప చూడని అత్తను తెలుగు పాఠకులు మొదటిసారి మనిషిగా, నవ్వొచ్చే మనిషిగా చూశారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆ పుస్తకానికి బహుమతి ఇచ్చింది.

ఇద్దరు స్త్రీలు, ఇద్దరు అత్తలు. సూర్యకాంతానికి రాసిచ్చిన మాటలు ఉన్నాయి, భానుమతికి సొంత కలం ఉంది. అత్త పాత్ర ఎంత మారిపోయిందో చూస్తే ఆ కలం విలువ తెలుస్తుంది. భానుమతికి సినీరంగంలో ఉన్న పలుకుబడి, చదువు, 'నా మాటే నెగ్గాలి' అనగలిగిన తెగువ ఆ రోజుల్లో ఎంతమందికి దక్కాయి? దక్కినవాళ్ళు రాశారు. రంగనాయకమ్మ 'స్వీట్ హోమ్'లో విమల, బుచ్చిబాబు దంపతుల కబుర్లతో ఇంటిపని, మొగుడి పెత్తనం, ఆడదాని సరదాలు అన్నింటినీ నవ్వుతూ నవ్విస్తూ చర్చకు పెట్టారు. ఆవిడ వాదనలతో కొట్లాడే పాఠకులు కూడా ఆ నవల్లో నవ్వకుండా ఉండలేరు.

సోమరాజు సుశీల తన పుస్తకానికి 'ఇల్లేరమ్మ కథలు' అని పేరు పెట్టుకున్నారు. ఇల్లేరమ్మ అంటే కాలు నిలవకుండా ఇంటింటికీ తిరిగే పిల్ల అని వెక్కిరింపు. ఆడపిల్ల ఇరుగుపొరుగు ఇళ్ళలో కబుర్లాడుతూ కనిపిస్తే ఆ మాట అనేవారు. ఆ వెక్కిరింపునే పుస్తకం అట్టమీద వేసుకుని, ఆ తిరుగుళ్ళలో చిన్నపిల్ల కళ్ళు ఏమేం చూశాయో చెప్పారు. బదిలీల మీద ఊళ్ళు మారే మధ్యతరగతి కుటుంబం, చెల్లెళ్ళ అల్లరి, అమ్మ సర్దుబాట్లు. ఇల్లిల్లూ తిరిగినందుకే ఆ పిల్లకు ఇన్ని కథలు దొరికాయి. ఆవిడే పెద్దయ్యాక హైదరాబాద్‌లో పరిశ్రమ నడిపిన అనుభవంతో 'చిన్న పరిశ్రమలు–పెద్ద కథలు' రాశారు. ఆడవాళ్ళ హాస్యం వంటింటి గడప దాటదనుకునేవాళ్ళు ఈ పుస్తకం తప్పక చదవాలి. చిన్న పరిశ్రమ నడిపేవాళ్ళ తంటాలన్నీ అందులో నవ్వుల్లోకి వచ్చేశాయి.

టీవీల కాలం వచ్చింది. సుమ కనకాల పుట్టింది కేరళలో. తెలుగు నేర్చుకుని, ఎదుటివాళ్ళ నోట్లోంచి మాట జారేలోపే దాన్ని అందుకుని చమత్కారంగా తిప్పికొట్టే స్థాయికి వచ్చారు. రాసిచ్చిన స్క్రిప్టు పక్కన పెట్టి అప్పటికప్పుడు నవ్వించడం ఎంత కష్టమో వేదిక ఎక్కినవాళ్ళకు తెలుస్తుంది. 'స్టార్ మహిళ'లో ఏళ్ళ తరబడి మామూలు గృహిణులతో ఆడిస్తూ, మాట్లాడిస్తూ, వాళ్ళలో ఉన్న చమత్కారాన్ని కూడా బయటికి తెచ్చారు. అయినా ఆమెను జనం 'యాంకర్' అంటారు. కమెడియన్ అన్న మాట ఆమె పక్కన వినపడదు.

2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' పల్లెపల్లెకూ చేరింది. న్యాయనిర్ణేతగా రోజా, యాంకర్లుగా అనసూయ, తర్వాత రష్మి. స్కిట్లలో మాత్రం చాలాకాలం భార్య, అత్త, మరదలు, పక్కింటావిడ అన్నీ మగవాళ్ళే. చీర కట్టి, విగ్గు పెట్టి, గొంతు సన్నగా చేసుకుని. దాన్ని 'లేడీ గెటప్' అన్నారు. పూర్వం ఆడవాళ్ళు నాటకాలాడటం తప్పన్న కాలంలో మగవాళ్ళు స్త్రీ పాత్రలు వేశారు. అప్పుడు కూడా 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం ఇంటి ఆడవాళ్ళనే వేదికెక్కించింది. అలాంటిది నూటపాతికేళ్ళు దాటాక మళ్ళీ అదే గెటప్. ఆ కళాకారుల కష్టాన్ని తక్కువ చేయడానికి లేదు, వాళ్ళలో కొందరు గొప్ప నటులు. కానీ చీరలోని మగవాడు భార్యగా నిలబడి తన మీద తానే వేసుకునే జోకుకు, నిజమైన భార్య అయితే ఇచ్చే జవాబు ఆ వేదిక మీద ఎప్పటికీ రాదు. ఆవిడ లావు మీద, ముదురు రంగు మీద, షాపింగ్ మీద, అనుమానం మీద జోకులు పేలుతుంటాయి. సినిమాలదీ అదే దారి. 2006లో వచ్చిన 'కితకితలు' కథే ఒక భారీకాయపు భార్య చుట్టూ అల్లింది. గీతాసింగ్ ఆ పాత్రను మనసు పెట్టి చేశారు, అందుకే చివర్లో కళ్ళు చెమరుస్తాయి. ఆ తర్వాత ఆమెకు వచ్చిన అవకాశాల్లో ఆ మనసు కంటే ఆ శరీరానికే గిరాకీ ఎక్కువ కనిపించింది. జబర్దస్త్‌లోకి తర్వాత తర్వాత రోహిణి, ఫైమా, వర్ష లాంటివాళ్ళు వచ్చి నిజమైన ఆడగొంతుతో జవాబులు చెప్పడం మొదలుపెట్టాక స్కిట్ల నడక కొంత మారింది. రోహిణి మాట విసిరితే ఎదుటి మగ కమెడియన్ నిజంగానే తడుముకోవడం చూస్తుంటే, ఇన్నాళ్ళూ ఏం కోల్పోయామో అర్థమవుతుంది.

అసలైన మార్పు ఎవరి అనుమతీ అడగనక్కరలేని చోట వచ్చింది. జాహ్నవి దాసెట్టి యూట్యూబ్‌లో 'మహాతల్లి' అనే చానల్ పెట్టుకున్నారు. మహాతల్లి అంటే ఏమిటో తెలుగువాళ్ళకు చెప్పాలా? "వచ్చిందమ్మా మహాతల్లి", "ఏ మహాతల్లి చేసిందో ఈ పని" అని ఇంట్లో ఆడవాళ్ళ మీద దీర్ఘాలు తీసే మాట. సుశీల ఇల్లేరమ్మను తీసుకున్నట్టే ఆమె మహాతల్లిని తీసుకున్నారు. ఒకే మనిషి అమ్మగా, కూతురిగా, పక్కింటి ఆంటీగా మారిపోతారు. అమ్మ వేషం వేసినప్పుడు భుజం మీద తువ్వాలు, చేతిలో గరిటె, కళ్ళలో అనుమానం, అంతే సరంజామా. ఈ స్కిట్లలో అమ్మ నవ్వులపాలు కాదు. "అచ్చం మా అమ్మే" అని చూసేవాళ్ళు వీడియోను అమ్మకే పంపిస్తారు.

జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో గంగవ్వ కథ ఇంకో తీరు. కూలిపని చేసి, బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. ఊళ్ళో అల్లుడి వరస అయ్యే శ్రీకాంత్ శ్రీరామ్ 'మై విలేజ్ షో' మొదలుపెట్టి, ఆమె మాటతీరు చూసి కెమెరా ముందు నిలబెట్టారు. చదువు రాదు గనక సంభాషణ కాగితం మీద ఇవ్వలేరు. సందర్భం చెబితే ఆమె తన మాటల్లో, తన కరీంనగర్ యాసలో అందుకుంటుంది. నవ్వించడం కోసం కళ్ళు తిప్పదు, గొంతు మార్చదు. పొలంగట్టు మీద పక్కనున్నావిడతో ఎలా మాట్లాడుతుందో అలాగే. తిట్టు కూడా ఆమె నోట్లో ఆప్యాయతలాగే వినిపిస్తుంది. ఏళ్ళ తరబడి తెలుగు సినిమా తెలంగాణ యాసను రౌడీలకూ పనివాళ్ళకూ, గదమాయించే ఆడవాళ్ళకూ కేటాయించింది. ఆ యాసలోనే అరవై ఏళ్ళు పైబడ్డ ఒక పల్లెటూరి ఆడమనిషి లక్షలమందిని నవ్విస్తుంటే, కోస్తా జిల్లాల్లోని పిల్లలు ఆ మాటల్ని అనుకరించడం మొదలుపెట్టారు. ఇక్కడ ఎవరూ ఆమె మీద జోకు వేయడం లేదు. జోకు ఆమెదే. ఊరి సర్పంచి మీద, పట్నం నుంచి వచ్చిన మనవడి మీద, స్మార్ట్‌ఫోన్ మీద, తన ముసలితనం మీద కూడా.

2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్ళినప్పుడు అక్కడి యువ పోటీదారుల కంటే గంగవ్వకే ఎక్కువ ఆదరణ వచ్చింది. ఆ నాలుగు గోడల మధ్య, ఏసీ చలిలో ఉండలేక ఐదో వారంలోనే తిరిగొచ్చేశారు. వెళ్ళేముందు ఏం కావాలని అడిగితే ఆమె చెప్పిన కోరిక ఒక్కటే, ఊళ్ళో ఇల్లు కట్టుకోవాలని. షో నుంచి వచ్చిన సాయంతో లంబాడిపల్లిలో పాత ఇంటికి బదులు కొత్త ఇల్లు లేచింది.